రెండున్నర రూపాయల నుమాయిష్

నగరాల చరిత్రలు సాధారణంగా రాజుల కట్టడాలతో మొదలై మంత్రుల శంకుస్థాపనలతో ముగుస్తుంటాయి. హైదరాబాదు అందుకు మినహాయింపు కాదు. చార్మినారు గురించీ, ఫలక్‌నుమా గురించీ బోలెడంత రాశారు. కానీ ఈ ఊరి సామాన్య జనం సరదాకి ఎక్కడికి వెళ్ళేవారు, లోపలికి అడుగు పెట్టడానికి ఎంత చెల్లించేవారు, తిరిగి వస్తూ ఇంటికి ఏం పట్టుకొచ్చేవారు అన్న సంగతులు రాసినవారు తక్కువ. వినోదం చరిత్ర కాదన్న అభిప్రాయం మనలో ఎక్కడో నాటుకుపోయింది.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలలో పాత ఇళ్ళు ఒక్కొక్కటే కూలి అపార్టుమెంట్లుగా లేస్తున్నాయి. ఇల్లు ఖాళీ చేసే రోజున అటక మీది రేకు డబ్బాలు కిందికి దిగుతాయి. బంధువులవీ, స్నేహితులవీ అలాంటి డబ్బాలు కొన్ని చూసే అవకాశం నాకు కలిగింది. రేషను కార్డులు, శుభలేఖలు, మనియార్డరు రసీదుల మధ్య తరచుగా కనిపించే వస్తువు ఒకటుంది. అది నాంపల్లి నుమాయిష్ టిక్కెట్టు ముక్క. దానికి తోడు కొయ్యబొమ్మ ఒకటి, అట్ట విమానంలో కూర్చుని తీయించుకున్న ఫోటో ఒకటి, పేరు చెక్కిన స్టీలు గ్లాసు ఒకటి. పాతసామాను వాడి తక్కెడలో వీటికి విలువ లేదు. ఈ వ్యాసం వాటి గురించే.

థీమ్ పార్కు అనగానే నేటి వారికి 1996లో వచ్చిన రామోజీ ఫిల్మ్ సిటీయో, 2016లో రావిర్యాల దగ్గర తెరచిన వండర్‌లాయో గుర్తుకు వస్తుంది. దేశం మొత్తం మీద చూసినా 1984 నవంబరులో ఢిల్లీలో మొదలైన అప్పూఘర్, 1989లో బొంబాయి శివార్లలో వెలసిన ఎస్సెల్ వరల్డ్ ఈ తరహాకు ఆద్యులని చెబుతారు. కానీ చుట్టూ గోడ, గుమ్మం దగ్గర టిక్కెట్టు, లోపల రంగులరాట్నం, చిన్న రైలు, తినుబండారాలు, వీటన్నిటినీ కలిపి ఉంచే ఒక భావం, ఇవే థీమ్ పార్కు లక్షణాలైతే, మన ఊరికి అది 1938లోనే వచ్చింది. ఏడాదికి కొన్నాళ్ళు మాత్రమే ఉండి మాయమవడం ఒక్కటే తేడా. ఆ భావం పేరు ‘ముల్కీ’.

ఈ మాట అతిశయోక్తిగా అనిపించవచ్చు కనుక కొంచెం వెనక్కి వెళదాం. థీమ్ పార్కులకు తాత వరస పారిశ్రామిక ప్రదర్శనలే. 1851లో లండన్‌లో క్రిస్టల్ పాలెస్ అనే గాజు మందిరంలో జరిగిన మహాప్రదర్శనను అరవై లక్షలమందికి పైగా దర్శించారు. కూలీనాలీ జనం కూడా రావాలని కొన్ని రోజులు టిక్కెట్టును ఒక్క షిల్లింగుకు తగ్గించారు. ఖర్చులు పోను మిగిలిన 1,86,000 పౌండ్లతో సౌత్ కెన్సింగ్టన్‌లో భూమి కొని, అక్కడ మ్యూజియాలకూ విద్యాసంస్థలకూ పునాది వేశారు. ఈ సంగతిని గుర్తు పెట్టుకోవాలి. దీని అవసరం ముందు ముందు ఉంది.

1893లో చికాగో ప్రదర్శన జరిగింది. మనకు అది వివేకానందుని ప్రసంగం వల్ల తెలుసు. ఆ ప్రయాణానికి కొద్ది నెలల ముందు, 1893 ఫిబ్రవరి 13న, ఆయన సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్య యాత్ర ఉద్దేశం గురించి మాట్లాడారు. అదే చికాగో ప్రదర్శనలో జార్జి ఫెరిస్ అనే ఇంజనీరు 264 అడుగుల ఎత్తున ఒక చక్రం నిలబెట్టాడు. ముప్ఫై ఆరు పెట్టెలు, పెట్టెకు అరవైమంది. మన జెయింట్ వీల్‌కు మూలపురుషుడు అదే. ఆ ప్రదర్శన నిర్మాణంలో పనిచేసిన వడ్రంగులలో ఎలియాస్ డిస్నీ ఒకడు. అతని కొడుకు వాల్ట్ డిస్నీ 1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచాడు. అంటే ప్రదర్శన నుంచి పార్కు పుట్టిన వంశవృక్షం ఆ ఇంట్లోనే కనిపిస్తుంది.

డిస్నీలాండ్‌లో తొలినాళ్ళలో టిక్కెట్లు చిన్న పుస్తకాలుగా అమ్మేవారు. ఒక్కొక్క వినోదానికి ఒక్కొక్క అక్షరం. 1959లో చేరిన ‘ఇ’ టిక్కెట్టు అన్నిటికన్నా ఖరీదైన వాటికి. 1982లో ఆ పద్ధతి పోయింది కానీ, వాడకుండా మిగిలిన ఆ కాగితం ముక్కలను అక్కడివారు వేలంపాటల్లో కొని అద్దాల చట్రాల్లో దాచుకుంటున్నారు. ఆ పార్కు తొలి చరిత్ర రాసేవారికి అవి ఆధారాలు కూడా. ఏ ఏడు ఏ వినోదం ఉండేది, దాని స్థాయి ఏమిటి అన్నది ఆ అక్షరాలే చెబుతాయి.

ఇక మన సంగతి. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రులైన కొందరు యువకులు సంస్థానపు ఆర్థిక స్థితిగతులను పరిశీలించాలనుకున్నారు. అందుకు నిధులు కావాలి. స్థానికంగా తయారయ్యే వస్తువులను ఒకచోట పేర్చి జనానికి చూపిస్తే ప్రచారమూ జరుగుతుంది, పైకమూ వస్తుంది అన్నది వారి ఆలోచన. దానికి ‘నుమాయిష్ మస్నూఆత్-ఎ-ముల్కీ’ అని పేరు పెట్టారు. దేశీయ ఉత్పత్తుల ప్రదర్శన అని అర్థం. రెండున్నర రూపాయల మూలధనంతో మొదలైందని నేటికీ గర్వంగా చెప్పుకొంటారు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో, అంటే బాగ్-ఎ-ఆమ్‌లో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ప్రారంభించారు. దుకాణాలు యాభై. నడిచింది పది రోజులు.

ఆ సంవత్సరాన్ని ఒకసారి నిదానంగా చూడాలి. 1938 హైదరాబాదు సంస్థానంలో ప్రశాంతమైన ఏడు కాదు. స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహం ఆ అక్టోబరులోనే. ‘వందేమాతరం’ పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను బహిష్కరించింది ఆ ఏడాది చివరిలోనే. ఒకే విశ్వవిద్యాలయం నుంచి ఒకరు నిరసనకు, మరొకరు ప్రదర్శనకు బయలుదేరారు. ‘ఈ నేల మీద పుట్టినవారికి ఈ నేల మీద ఏం దక్కాలి’ అన్నది ఇద్దరి వెనకా ఉన్న ప్రశ్న. ముల్కీ అన్న మాట తరువాతి దశాబ్దాలలో ఎన్ని ఉద్యమాలకు నినాదమైందో తెలిసినవారికి, ఆ మాట ఒకనాడు సబ్బులకూ చేనేత బట్టలకూ పెట్టిన విశేషణం కూడా అని గుర్తు చేయడం అవసరం.

ఆ ముల్కీ పరిశ్రమలను చూడటానికి మా పేటల వారు ఎంతో దూరం పోనక్కరలేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటితే ఆజమాబాద్ పారిశ్రామిక ప్రాంతం. 1930లో ఏర్పడిన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ, అంటే చార్మినార్ సిగరెట్టు పుట్టిల్లు, అక్కడిదే. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి ఆ కంపెనీ వైపు ఉక్కు వంతెన తెరిచారు. అశోక్‌నగర్ ఇళ్ళ కప్పుల మీదుగా వెళ్ళే ఆ దారికి జనం వాడుకలో ఆ కంపెనీ పేరే మిగిలింది. వరంగల్లులో ఆజంజాహీ మిల్లులు, బోధనులో నిజాం చక్కెర కర్మాగారం, ఇవన్నీ ఆ దశాబ్దపు సంతానమే. నుమాయిష్ ఆ కాలపు అద్దం.

పబ్లిక్ గార్డెన్స్‌లో చోటు చాలక 1946లో ప్రదర్శనను నేటి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మార్చారు. అప్పటి ప్రధానమంత్రి సర్ మీర్జా ఇస్మాయిల్ ప్రారంభించారు. మైసూరులో దివానుగా ఉండగా బృందావన ఉద్యానాన్ని తీర్చిన ఆయన చేతుల మీదుగా ఈ మైదానం తెరుచుకోవడం సముచితంగానే ఉంది. ఆ తరువాత రెండేళ్ళు, 1947లోనూ 1948లోనూ, నుమాయిష్ జరగలేదు. దేశ విభజన, రజాకార్ల అలజడి, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. 1949లో తిరిగి తెరిచినప్పుడు ప్రారంభకులు గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి. నిజాం తెరిచిన ప్రదర్శనను పదకొండేళ్ళకు స్వతంత్ర భారత ప్రతినిధి తెరిచారు. ‘ముల్కీ’ పోయి ‘అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన’ వచ్చింది. కాశ్మీరు శాలువలు, లక్నో చికన్ పనితనం వరసకట్టాయి. జనం మాత్రం పాత పేరును వదలలేదు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు ‘ఎగ్జిబిషన్’ అనేవారు, పాతబస్తీ మిత్రులు ‘నుమాయిష్’ అనేవారు. పేరు మారినంత సులువుగా పిలుపు మారదు.

ఇప్పుడు ఆ టిక్కెట్టు ముక్కల దగ్గరికి వద్దాం. నేను చూసిన వాటిలో చాలావాటి మీద సంవత్సరం లేదు. అయినా వాటి వయసు తెలుసుకోవడం అసాధ్యం కాదు. కాగితం మీద ధర ఆణాలలో ఉంటే అది 1957 ఏప్రిలుకు ముందుది. అంతకన్నా పాతదైతే, ఆ ఆణా భారత ప్రభుత్వపు ఆణాయా, నిజాం హాలీ సిక్కా ఆణాయా అని కూడా ఆలోచించాలి. 1950ల దాకా రెండూ మన బజార్లలో కలిసి తిరిగాయి. ‘నయా పైసలు’ అని ఉంటే 1957కూ 1964కూ నడుమది. ఉత్త ‘పైసలు’ అయితే ఆ తరువాతిది. దుకాణం బిల్లయితే మరికొన్ని ఆనవాళ్ళు దొరుకుతాయి. ‘హైదరాబాదు దక్కన్’ అని ఉన్నదా, ‘ఆంధ్రప్రదేశ్’ అని ఉన్నదా? రెండవదైతే 1956 నవంబరు తరువాతిది. పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తరువాతిది. ‘తెలంగాణ’ అంటే 2014 జూన్ ఇటీవలిది. ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు అక్షరాలలో దేనికి ఎంత చోటిచ్చారన్నది కూడా ఒక సాక్ష్యమే. అరచేతిలో పట్టే కాగితం మీద ప్రభుత్వాలు మారడం కనిపిస్తుంది.

ఫోటోలు మరో రకం ఆధారం. అట్టతో చేసిన విమానం, చందమామ, మోటారు కారు వెనక నిలబెట్టి తీసిన నలుపు తెలుపు చిత్రాలవి. చాలా కుటుంబాలకు ఇంటిల్లిపాదీ కలిసి ఉన్న ఫోటో అదొక్కటే. కెమెరా ఉన్న ఇళ్ళు అరుదు, స్టూడియోకు వెళ్ళాలంటే పెళ్ళో, పాస్‌పోర్టో కావాలి. అట్ట విమానంలో పైలటు స్థానంలో తాతగారు, వెనక సీటులో ముగ్గురు పిల్లలు, పక్కన నిలబడ్డ నాయనమ్మ చేతిలో సంచీ. ఆ సంచీలోంచి చపాతీ కర్ర పిడి బయటికి కనబడుతుంది. విమానం అబద్ధమే. చపాతీ కర్ర నిజం. నాకు చరిత్ర ఆ కర్ర దగ్గరే కనిపించింది, ఎందుకంటే ఆ ఇంట్లో ఆ తరంలోనే బియ్యంతో పాటు గోధుమ వంటింట్లోకి వచ్చింది.

బియ్యపు గింజ మీద పేరు రాసి చిన్న గాజు గొట్టంలో పెట్టి ఇచ్చేవారు. తాళంచెవుల గుత్తికి తగిలించుకునేవారు. స్టీలు సామాను కొన్నచోటే పేరు చెక్కేవారు. నిర్మల్ కొయ్యబొమ్మలు, కొండపల్లి అంబారీ ఏనుగు, బీదరు పనితనపు చిన్న డబ్బీ. వీటిలో ఏవీ ఖరీదైన వస్తువులు కావు. కానీ ‘ఎక్కడిది’ అని అడిగితే సమాధానంతో పాటు ఒక కథ వచ్చేది. చేయి వదిలిన పిల్లాడి గురించి మైకులో చెప్పడం, మృత్యుకూపంలో గోడ మీద మోటారు సైకిలు తిరుగుతుంటే చెక్కలు అదరడం, చలిలో మిరపకాయ బజ్జీలు. జ్ఞాపికకు ఉన్న పని అదే. తనలో లేనిదాన్ని తాను మోసుకొస్తుంది.

మా పేటల నుంచి నాంపల్లికి దూరమేమీ లేదు. నారాయణగూడ, హిమాయత్‌నగర్, బషీర్‌బాగ్, ఆబిడ్స్ మీదుగా మొజంజాహీ మార్కెట్టు. వెళ్ళేటప్పుడు బస్సు, తిరిగి వచ్చేటప్పుడు డబ్బులు అయిపోయి నడక. ఇది చాలా ఇళ్ళలో విన్న మాట. 2020 ఫిబ్రవరి నుంచి చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో మెట్రో ఎక్కి, మహాత్మాగాంధీ బస్ స్టేషనులో మారి, గాంధీభవన్‌లో దిగితే మైదానం గుమ్మం దగ్గరే.

నుమాయిష్‌లో మహిళలకు మాత్రమే ప్రవేశం ఉండే రోజు ఒకటి కేటాయించడం సంప్రదాయం. ఈ ఒక్క సంగతి గురించి విడిగా పుస్తకం రాయవచ్చు. మా చిన్న మేనత్త అశోక్‌నగర్‌లో పెరిగింది. మా తాతగారు ఆడపిల్లను సినిమాకు కూడా తోడు లేకుండా పంపని మనిషి. 1970లలో ఒక ఏడు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కలిసి ఆ ఆడవాళ్ళ రోజున ఎగ్జిబిషన్‌కు వెళ్ళడానికి మాత్రం ఒప్పుకున్నారట. మగవాళ్ళు లేని ఊరు ఎలా ఉంటుందో ఆ సాయంత్రం చూశాననేది అత్తయ్య. గట్టిగా నవ్వవచ్చు, జెయింట్ వీల్ మీద కేకలు పెట్టవచ్చు, ఎవరూ తిరిగి చూడరు. ఆ మైదానంలోనే ఒక భవనం ముందు పుస్తకాలు పట్టుకున్న అమ్మాయిలను చూసి అదేమిటని అడిగింది. ఆడపిల్లల పాలిటెక్నిక్ అని చెప్పారు.

అది కమలా నెహ్రూ పాలిటెక్నిక్. ఎగ్జిబిషన్ సొసైటీ నుమాయిష్ మీద వచ్చే మిగులును విద్యాసంస్థల మీద ఖర్చు పెడుతుంది. ఆ మైదానంలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, మారేడ్‌పల్లిలోని కస్తూర్బా గాంధీ మహిళా కళాశాల కూడా ఆ కోవలోవే. లండన్ వారు 1851 మిగులుతో చేసిన పనిని నాంపల్లి వారు రంగులరాట్నం పైసలతో చేశారు. అక్కడ ఒక్కసారి మిగిలింది, ఇక్కడ ఏటేటా కూడబెట్టారు. మా అత్తయ్య మరుసటి ఏడు ఆ పాలిటెక్నిక్‌లో చేరడానికి తాతగారితో మూడు నెలలు పోరాడింది. డిప్లొమా చేసి, ఉద్యోగం చేసి, పదవీ విరమణ చేసింది. ఆనాటి టిక్కెట్టును దేవుడి పటం వెనక దాచింది. ‘నేనిచ్చిన పైసలు నా చదువుగా తిరిగొచ్చాయిరా’ అనేది. లెక్కగా చూస్తే అది అణువంత. కానీ అలాంటి అణువులు కలిస్తేనే కళాశాల.

అందుకే నుమాయిష్‌ను తరువాత వచ్చిన వినోదాలతో ఒక గాటన కట్టలేను. మా ఇళ్ళకు కూతవేటు దూరంలోని ఇందిరా పార్కుకు 1975 సెప్టెంబరులో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు. 1978లో జనానికి తెరిచారు. 76 ఎకరాల ఆ పచ్చదనం అశోక్‌నగర్, దోమల్‌గూడ వాసుల ఊపిరి. 1994లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు వచ్చింది. 2007 ఆగస్టు 25 సాయంత్రం అక్కడి లేజర్ ప్రదర్శనశాలలో బాంబు పేలినప్పుడు, సరదాకి వెళ్ళే చోటు ఎంత సున్నితమైనదో ఊరికి తెలిసివచ్చింది. 2004 జనవరిలో ఇందిరా పార్కు పక్కనే స్నో వరల్డ్ తెరిచారు. దక్కన్ ఎండలో కృత్రిమ మంచు. అది నిజంగా థీమ్ పార్కే. పిల్లలకు ఆనందమే. ఐతే అక్కడి భావం ఎక్కడిదైనా కావచ్చు. నుమాయిష్ భావం ఈ నేలదే.

ఏళ్ళ తరబడి జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నడుస్తూ వచ్చిన ఈ ప్రదర్శనకు ఇటీవల కొన్ని గట్టి దెబ్బలు తగిలాయి. 2019 జనవరి 30 రాత్రి అగ్నిప్రమాదంలో ఎన్నో దుకాణాలు కాలిపోయాయి. ప్రాణనష్టం జరగలేదు కానీ, దూరదేశాల నుంచి సరుకు తెచ్చుకున్న చిన్న వ్యాపారులు కట్టుబట్టలతో మిగిలారు. 2021లో కరోనా వల్ల నుమాయిష్ జరగనే లేదు. 2022లో జనవరి 1న మొదలై రెండు మూడు రోజులలోనే ఆగి, ఫిబ్రవరి 25న మళ్ళీ తెరుచుకుంది. 1948 తరువాత అంతటి వెలితి కనబడింది అప్పుడే. 2025లో ప్రవేశ రుసుము 50 రూపాయలు. యాభై దుకాణాలతో మొదలైనది రెండు వేలకు పైబడింది.

అన్నీ పెరిగాయి, కాగితం మాత్రం తగ్గుతోంది. ఫోటోలు ఫోనుల్లో ఉన్నాయి, ఫోను మారిస్తే పోతాయి. డబ్బు చెల్లించిన గుర్తు తెర మీద మెరిసి మాయమవుతుంది. రేపటి చరిత్రకారుడు 2025 నుమాయిష్ గురించి పత్రికల్లో ప్రారంభోత్సవాల వార్తలు చదువుకుంటాడు. అట్ట విమానం పక్కన చపాతీ కర్ర పట్టుకుని నిలబడ్డ నాయనమ్మ అతనికి దొరకదు.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీపరీక్షలకు చదివే వందలాది పిల్లలు తెలంగాణ చరిత్రలో ముల్కీ నిబంధనల తేదీలు బట్టీ వేస్తుంటారు. ఆ మాట ఒక టిక్కెట్టు మీద ఎలా బతికిందో చూపగల వస్తువులు వాళ్ళ చుట్టూ ఉన్న వీధుల్లోనే, పాతసామాను బళ్ళ మీద తరలిపోతున్నాయి.

ఎగ్జిబిషన్ మైదానంలోనే ఒక గది ఈ కాగితాలకు, బొమ్మలకు, ఫోటోలకు కేటాయిస్తే ఎంతో బాగుంటుంది. రెండు వేల దుకాణాల నడుమ అమ్మకానికి కానిది ఒక్కటి ఉండవచ్చు కదా. అది అయ్యేలోపు మనం చేయగలిగింది చిన్నదే. ఇల్లు ఖాళీ చేసేముందు ఆ డబ్బా ఒకసారి తెరవండి. టిక్కెట్టు దొరికితే వెనకవైపు పెన్సిలుతో, ఇంకుతో కాదు, ఏ ఏడు, ఎవరు వెళ్ళారు, ఏం కొన్నారు అని రాసి పెట్టండి. ఫోటోలో ఉన్నవారి పేర్లు ఇంట్లో పెద్దవారు ఉండగానే అడిగి తెలుసుకోండి. మా అత్తయ్య టిక్కెట్టు వెనక నేను రాసింది ఇంతే: ‘ఆడవాళ్ళ రోజు. నలుగురు వెళ్ళారు. ఒకరు చదువుకున్నారు.’